ఎదురింట్లో ఉండిపోయిన గంజు

మా వాడలో చావింటికి పోయే గంజు గురించి ఏ పుస్తకంలోనూ లేదు. నేను వెతికాను. మా ఊరి గ్రంథాలయంలో చరిత్ర పుస్తకాల బీరువా, ఆచారాల గురించిన పుస్తకాల బీరువా కిటికీ పక్కన ఆనుకునే ఉంటాయి. వాటిలో రాజులు తవ్వించిన చెరువుల సంగతి ఉంది, పెళ్లి తంతులున్నాయి, కోటగోడల కొలతలు కూడా ఉన్నాయి. ఇబ్రహీంపట్నంలో పది ఇళ్ల చిన్న వాడలో ఒక మనిషి పోతే ఆ ఇంటికి అన్నం ఎవరు తీసుకుపోతారో, తీసుకుపోయిన గంజు మళ్లీ ఇంటికి ఎలా వస్తుందో ఎవరూ రాయలేదు. రాయాల్సినంత పెద్ద సంగతి కాదనుకున్నారేమో.

మొన్న మా ఎదురిల్లు కూల్చేశారు. అక్కడ దుకాణాలు వస్తాయట. ఆ ఇంటి మనిషి వాడ దాటిపోయింది. మిగిలినవాళ్లలో ఈ పద్ధతి పూర్తిగా తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, అందరూ ముసలివాళ్లే. అందుకని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఆ పద్ధతిని తప్పింది నేనే. తప్పిన మనిషికి అది ఎక్కడ తెగిందో బాగా తెలుస్తుంది.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. బస్టాండు దగ్గర, గ్రంథాలయానికి నాలుగు దుకాణాల అవతల బట్టలు కుడతాను. మిషనుకు మోటారు పెట్టించుకున్నాక కరెంటు పోతే పని ఆగిపోయేది. పక్క కొట్లవాళ్లు కరెంటును తిట్టుకుంటుంటే నేను కత్తెర పక్కనపెట్టి గ్రంథాలయానికి నడిచేదాన్ని. మొదట పిల్లల బొమ్మల పుస్తకాలు చదివాను. తర్వాత పేపర్లు, తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని చరిత్రలు. ఒక్కో పుస్తకం నెలరోజులు పట్టేది. నాకు డిగ్రీలు లేవు గానీ ఆ బీరువాల్లో ఏ అరలో ఏముందో గ్రంథపాలకుడి కంటే నాకే ముందు గుర్తొస్తుంది. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. మా వాడవాళ్లు దవాఖాన చీటీలు, కరెంటు బిల్లులు, పొలం కాగితాలు నా దగ్గరికే తెచ్చేవారు. నాకు నలభై దాటినా వాళ్లకు నేను ‘సదువుకున్న పిల్ల’నే.

ఇక గంజు సంగతి. గంజు అంటే అన్నం వండే లోతైన గిన్నె. మామూలు రోజుల్లో మా వాడలో గిన్నెలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతూనే ఉండేవి. పచ్చిపులుసు ఒక గిన్నెలో వస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగి పోకూడదు. నాలుగు పచ్చిమిరపకాయలో, చిటికెడు చింతపండో, ఏదో ఒకటి వేసి పంపాలి. చావింటికి మాత్రం పద్ధతి వేరు. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. మొదటి బువ్వ ఎదురింటి నుంచి రావాలి. అన్నం, తాలింపు వేయని పప్పు. ఆ తర్వాత కుడిపక్క ఇల్లు, ఎడమపక్క ఇల్లు. సాయంత్రం చాయ మూలమీది క్రైస్తవుల ఇంటి నుంచి పెద్ద కెటిల్‌లో వచ్చేది.

బువ్వ తెచ్చిన మనిషి పెట్టేసి పోకూడదు. కూర్చోవాలి. ఓదార్పు మాటలేమీ అక్కర్లేదు. ఏడ్చే మనిషి ఒక్క ముద్దయినా నోట్లో పెట్టుకునేదాకా అక్కడే ఉండాలి. మధ్యమధ్యలో “జర ఎంగిలిపడు” అనాలి, అంతే. తిన్నాక గంజు అక్కడే వదిలి రావాలి. ఆ ఇంటివాళ్లు దాన్ని తిప్పి పంపరు. పదకొండో రోజు దినాలయ్యాక, తెచ్చిన చేయే వెళ్లి తెచ్చుకోవాలి, అదీ ఖాళీగా. మూలమీది ఇంటివాళ్లకు దినాలు లేవు, ప్రార్థన ఉంటుంది. అయినా వాళ్లింట్లో పెద్దాయన పోయినప్పుడు కూడా మా గంజు పదకొండు రోజులు అక్కడే ఉంది.

ఎందుకిలా అని చిన్నప్పుడు అమ్మనడిగాను.

“ఆళ్లే పంపిస్తే మనం మళ్ల పోతమా? పనులల్ల వడి మర్సిపోతం. గంజు ఆడ ఉంటే పోవాలె,” అంది అమ్మ.

మా నాన్న పోయినప్పుడు నాకు పదమూడేళ్లు. మొదటి బువ్వ ఎదురింటి పెద్దమ్మ తెచ్చింది. ఆమె మాకు చుట్టం కాదు. అమ్మ ఆమెను అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పెద్దమ్మ, ఆమె భర్త పెద్దబాపు. మధ్యాహ్నం వచ్చి అమ్మ ఎదురుగా గోడకానుకుని కూర్చుంది. అమ్మ కంచం వైపు చూడలేదు. దీపాలు పెట్టే వేళయింది. పెద్దమ్మ కదల్లేదు. అప్పుడు గల్లీ అవతల నుంచి వాళ్ల బర్రె అరవడం మొదలుపెట్టింది.

“ఇంటున్నవా చెల్లె?” అంది పెద్దమ్మ. “పాలు పిండే యాళ్ల దాటింది. నా చెయ్యి తప్ప ఇంకొకల చెయ్యి పడనియ్యదది. నువ్వు ఎంగిలిపడేదాక నేను లేవ. ఇగ నీ ఇష్టం, దాని ఇష్టం.”

బర్రె ఇంకా గట్టిగా అరిచింది. అమ్మ ఏడుస్తూనే, “అయ్యో, దాని పొదుగు సలుపుతుండొచ్చక్కా,” అని ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. ఆ ముద్దతోనే మా అమ్మ మళ్లీ ఈ లోకంలోకి వచ్చిందని నాకిప్పటికీ అనిపిస్తుంది.

మాకు పెద్దమ్మ ఇల్లు ఎట్లాగో వాళ్లకు మేమూ అట్లాగే. రెండు గడపలు ఎదురెదురు. మా గడపలో నిలబడితే వాళ్ల వంటింటి గూడు కనబడేది. నాకు పెళ్లయి భర్త మా ఇంటికే ఇల్లరికం వచ్చాక, అతను యాచారం వైపు నడిపే ట్రాలీ ఆటో కూడా రాత్రిపూట వాళ్ల గోడ పక్కనే నిలిపేవాడు. పెద్దబాపుకు చదువు రాదు. పొద్దున్నే మా అరుగు మీదకు వచ్చి, “బిడ్డా, ఇయ్యాల లోకం ఏమంటుంది?” అనేవాడు. నేను పేపరు చదివేదాన్ని. వాన సంగతి మాత్రం రెండుసార్లు చదివించుకునేవాడు.

ఆ రోగం వచ్చిన ఏడు గ్రంథాలయం మూసేశారు. పేపర్లో వచ్చిన ప్రతి సూచనా కత్తిరించి దాచుకున్నాను. ఎవరి ఇంటికీ పోవద్దని, గిన్నెలు మార్చుకోవద్దని వాడంతా తిరగకుండానే మా గడపలోంచి అరిచి చెప్పాను. వాడ విన్నది. చదువుకున్న పిల్ల చెప్పింది కదా.

పెద్దబాపు ఆ రోజుల్లోనే పోయాడు. దవాఖాన నుంచి అటునుంచి అటే తీసుకుపోయారు. ఇల్లు చేరలేదు. ఇంట్లో పెద్దమ్మ, జ్వరంతో ఉన్న కూతురు. కబురు తెలియగానే అమ్మ లేచి బియ్యం కడిగింది. అంచు సొట్టపోయిన మా సిల్వర్ గంజులోనే వండింది. నాన్న ఉన్నప్పటి నుంచి అందులోనే వండేది. అది పట్టుకుని చెప్పులేసుకుంటుంటే నేను అడ్డం నిలబడ్డాను.

“పోవద్దమ్మా. నీకు షుగర్ ఉంది.”

“మొదటి బువ్వే. మనం పోకపోతే ఇంకెవలు పోతరు?”

“నేను పెట్టొస్త.”

గంజు అమ్మ చేతిలోంచి తీసుకున్నాను. గల్లీ దాటి, వాళ్ల మెట్టు మీద పెట్టి, వెనక్కి నడిచి మా గడపలో నిలబడ్డాను. అక్కడినుంచి పిలిచాను.

“పెద్దమ్మా, బువ్వ పెట్టిన. గంజు మాకు మళ్ల వద్దు. మీరే ఉంచుకోండ్రి.”

తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ గంజును చూసింది. నన్ను చూసింది. “మంచిది బిడ్డా,” అని గంజు లోపలికి తీసుకుని తలుపు వేసుకుంది.

గంజు వద్దనడమంటే మా వాడలో ఇక మీ ఇంటికి రామనడం. నేను అన్నది ఆమె సరిగ్గానే విన్నది. వాడంతా సరిగ్గానే విన్నది. ఆ తర్వాత కుడిపక్క ఇల్లు, ఎడమపక్క ఇల్లు కూడా మెట్టు మీదే పెట్టి పోయాయి. సాయంత్రం కెటిల్ కూడా మెట్టు మీదే ఉంది. ఎవరూ కూర్చోలేదు. పెద్దమ్మ రెండు రోజులు ఏమీ ముట్టలేదని కూతురు తర్వాత ఎప్పుడో నాతో అంది. నిందగా అనలేదు. మాటల్లో వచ్చి అంది.

దూరంగా ఉండమని చెప్పినందుకు నేను బాధపడటం లేదు. అప్పుడు తెలిసింది అంతే, అది నిజం కూడా. వాడలో మరో మనిషి పోలేదు. కానీ నెల తర్వాత, రెండు నెలల తర్వాత, తలుపులన్నీ తెరుచుకున్నాక కూడా నేను ఆ గడప దాటలేదు. మొదట భయం, తర్వాత సిగ్గు. సిగ్గు మీద సిగ్గు పేరుకుంటే అది చివరికి పౌరుషంలా కనబడుతుంది.

పెద్దమ్మ మాట మానలేదు. కనబడితే, “తిన్నవా బిడ్డా?” అనేది. బతుకమ్మకు అమ్మ పక్కనే నిలబడి చప్పట్లు కొట్టింది. కానీ ఆ రెండు ఇళ్ల మధ్య ఒక్క గిన్నె కూడా కదల్లేదు. వాళ్ల వంటింటి గూట్లో మా గంజు బోర్లించి ఉండేది. వాళ్ల తలుపు తెరిచినప్పుడల్లా దాని సొట్ట అంచు మాకు కనబడేది. అమ్మకు కొత్త గంజు కొన్నాను. అందులో అన్నం పలుకుగా ఉంటుందని రోజూ సణిగేది.

ఒకరోజు నిలదీసింది. “పోయి తెచ్చుకో. నేను పోదునే గని, పెట్టిన చెయ్యి నీది.”

“సిల్వర్ గంజుకు గింత రంధి ఎందుకమ్మా? ఇంకోటి కొంటగా.”

“బీరువలకు బీరువలు సదివినవ్. గీ గల్లీ దాటుడు రాకపాయె నీకు.”

నాకు చాలా కోపం వచ్చింది. నిజమైన మాటకే అంత కోపం వస్తుంది.

ఈ ఏడు వానాకాలం చివర్లో పెద్దమ్మ ఇల్లు అమ్మేశారని తెలిసింది. కూతురు మన్నెగూడలో ప్లాటు తీసుకుని ఇల్లు కట్టుకుంది, తల్లిని అక్కడికి తీసుకుపోతోంది. ఆ సాయంత్రం అమ్మ అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయింది.

“అక్క పోయినంక, నేను సచ్చిపోతే నీకు మొదటి బువ్వ ఎవలు తెస్తరే?” అంది. “నీ ముందల ఎవలు కూసుంటరు? గా గంజు ఆడ వడి ఉండగ ఏ మొకం వెట్టుకొని నేను పిలువాలె, నువ్వు పిలువాలె?”

అమ్మ తన చావు గురించి కాదు, ఆ రోజు నా ఆకలి గురించి ఆలోచిస్తోంది. ఇన్నేళ్లుగా ఆమె గంజు గంజు అని నస పెట్టింది నాకోసమేనని అప్పుడు అర్థమైంది.

అయినా మరుసటి రోజు నేను ఎదురింటికి పోలేదు. గ్రంథాలయానికి పోయాను. తప్పిన ఆచారాన్ని మళ్లీ ఎలా కలపాలో ఎక్కడో ఒకచోట రాసి ఉంటుందని నా నమ్మకం. మొదట్లో చెప్పిన ఆ రెండు బీరువాలూ వెతికింది అప్పుడే. రెండు మధ్యాహ్నాలు వెతికాక గ్రంథపాలకుడు లేచి వచ్చాడు. నాకంటే చిన్నవాడు.

“ఏం దొరుకుత లేదక్కా?”

చెప్పాను. మొత్తం చెప్పాను. అతను బీరువా తలుపు మూసేశాడు.

“గిది పుస్తకాలల్ల ఉండదక్కా. ఉంటే నీకు నేను ఎప్పుడో ఇస్తుంటి. పో, అడుగు ఆమెనే.”

ఇల్లు మారే రోజు పొద్దున సామాను మా ఆయన ట్రాలీలోనే ఎక్కిస్తున్నారు. బయట అతని గొంతు వినబడుతోంది.

“పెద్దమ్మా, గీ రోలు సుత మన్నెగూడకేనా? ఆడ మిక్సీలున్నయంట.”

“మిక్సీకి నోరెక్కువ, నీ లెక్కనే. రోలు ఎక్కియ్యి.”

అమ్మ అప్పటికే అన్నం, తాలింపు లేని పప్పు వండి కొత్త గంజులో పెట్టి ఉంచింది. నా చేతికిచ్చి తలుపు వైపు చూసింది. మా గల్లీ వెడల్పు పన్నెండు అడుగులు. కొలత తెలుసు నాకు. ఆ పన్నెండు అడుగులు దాటి వాళ్ల మెట్టెక్కి, ఈసారి మెట్టు మీద ఆగకుండా లోపలికి వెళ్లాను.

వంటిల్లు ఖాళీ అయింది. గూట్లో ఒక్క మా గంజే ఉంది. పెద్దమ్మ మూట కడుతోంది.

“గంజు కొరకు వచ్చిన పెద్దమ్మా.”

ఆమె తల తిప్పలేదు. “ఉంచుకోండ్రి అంటివి గద.”

“అన్న.”

“మరి?”

“తప్పు జేసిన.”

ముడి బిగించి అప్పుడు నన్ను చూసింది. “రోగం సంగతి తప్పు గాదు. నువ్వు సదివి జెప్పినవ్, పానాలు నిలవడ్డయి. గని రోగం పోయినంక సుత నువ్వు మీ గడపలకెల్లే సూస్తివి.”

“సిగ్గయింది పెద్దమ్మా.”

“నీకు సిగ్గయింది. నాకు ఆకలైంది బిడ్డా.”

చదివిన ఏ పుస్తకంలోంచీ ఒక్క మాట కూడా రాలేదు. పెద్దమ్మ లేచి మా గంజును దించింది. దుమ్ము లేదు, శుభ్రంగా తోమి ఉంది. “ఇన్నేండ్లల్ల ఒక్కపారి పొయ్యెక్కియ్యలే. ఇంకొకల గంజు,” అని నా ముందు పెట్టింది. “నీ చేతుల ఉన్నదేంది?”

నేను తెచ్చిన అన్నం, పప్పు ఆ పాత గంజులోకి మార్చాను. అప్పుడే లోపలికి వచ్చిన కూతురు చూసి గాబరాపడింది.

“ఇల్లు మారే దినం గిదేందమ్మా? సప్పిడి పప్పు, చావింటి బువ్వ!”

“నీకు ఎరుక లేదు, ఊకో,” అంది పెద్దమ్మ. “మీ బాపు బువ్వ గిది. జర ఆలస్యమైంది.”

పెద్దమ్మ కూర్చుంది. నేను ఎదురుగా గోడకానుకుని కూర్చున్నాను. ఆమె మూటలోంచి తీసిచ్చిన పళ్లెంలో అన్నం పెట్టాను. ఆమె దాన్ని చూస్తూ ఉండిపోయింది. కళ్లలో నీళ్లు రావడం నేను చూశాను, ఆమె తుడుచుకోలేదు.

“జర ఎంగిలిపడు పెద్దమ్మా,” అన్నాను.

ఆమె చెయ్యి కదల్లేదు. నేను లేవలేదు. బయట సామాను ఎక్కించడం అయిపోయినట్టుంది, మా ఆయన హారన్ కొట్టాడు. ఆగి మళ్లీ కొట్టాడు. మూడోసారి ఆపకుండా కొట్టాడు.

పెద్దమ్మ పెదవులు కదిలాయి. “నీ మొగడు మా బర్రె లెక్క ఒర్రుతుండు,” అంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

తిన్నాక గంజులు రెండూ తనే కడిగి, కొత్తది నాకిచ్చింది. నేను పాత గంజు కోసం చెయ్యి చాపితే ఇవ్వలేదు. పెరట్లోకి పోయి రెండు సీతాఫలాలు కోసుకొచ్చి అందులో వేసింది. ఆ చెట్టు ఇంకో వారంలో ఉండదని ఇద్దరికీ తెలుసు.

“ఖాళీగ తీస్కపోవాలె గద పెద్దమ్మా?”

“అది పదకొండొద్దులకు వస్తె. నువ్వు ఎన్నడొచ్చినవ్?”

తను తిన్న పళ్లెం కడిగి దాన్నే గంజు మీద మూతగా పెట్టింది. పాత స్టీలు పళ్లెం, అంచున పెద్దబాపు పేరు చెక్కించి ఉంది.

“మీ అమ్మకు చెప్పు. మన్నెగూడ ఏమన్న ఢిల్లీనా? బస్సులున్నయి. ఆమె ముందుగాల పోతే నీకు మొదటి బువ్వ నేనే తెస్త, నువ్వు తినేదాక కూసుంట. నేను ముందుగాల పోతే మాత్రం మోకాళ్లు నొస్తున్నయని సాకు చెప్పొద్దన్ననని చెప్పు.”

అమ్మ గడపలోనే నిలబడి ఉంది. నేను రాగానే గంజు సొట్టను వేలితో తడిమింది. మూత తీసి సీతాఫలాలు చూసింది. అమ్మకు చదవడం రాదు, పళ్లెం అంచున అక్షరాల మీద కూడా వేలు పోనిచ్చి, “బావదే గద?” అంది. అవునన్నాను. పెద్దమ్మ చెప్పిన మాట చెబితే నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. పండ్లు ఇంకా పచ్చివే, వాటి కళ్లు పూర్తిగా విచ్చుకోలేదు. బియ్యం డబ్బాలో పూడ్చి పెట్టింది. నాలుగో రోజుకు మాగాయి.

రాయడం అయ్యాక, సాయం చేసినవాళ్ల పేర్లు చివర్లో రాసి కృతజ్ఞత తెలపాలని గ్రంథపాలకుడు చెప్పాడు. మా వాడలో ఎవరినీ పేరు పెట్టి పిలవం. ఏ వరసతో పిలుస్తామో అలాగే రాస్తున్నాను. పుస్తకాల్లో లేదని ఒప్పుకుని, ఇది రాయమని తెల్లకాగితాల కట్ట ఇచ్చిన గ్రంథాలయం తమ్ముడికి. వాడలో ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లు బువ్వ తేవాలో ఒక్క పొరపాటు లేకుండా చెప్పిన కుడిపక్క ఇంటి అత్తకు. ఇప్పటికీ ఆ కెటిల్ దాచి ఉంచిన మూలమీది ఇంటి అక్కకు. సరైన సమయంలో హారన్ కొట్టిన మా ఆయనకు. ఎందుకు కొట్టావంటే ఎండకు అని చెబుతాడు. గల్లీ దాటడం రాదని నన్ను తిట్టిన అమ్మకు.

ఎదురింటి పెద్దమ్మకు. ఎదురిల్లు లేకపోయినా ఆమెను అలాగే అంటాము. ఆమె పళ్లెం మా గూట్లో ఉంది. ఖాళీగా పంపకూడదు కాబట్టి అందులో ఏం పెట్టాలా అని అమ్మ రోజుకొకటి అనుకుని మారుస్తోంది. మన్నెగూడ బస్సెక్కేది మాత్రం నేనే.